ఇంట్లో పెద్దవాళ్లకు ఏ ఫోను మేలు? కార్డ్‌లెస్సా, వైరు ఫోనా, సిమ్ ఫోనా?

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. "ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించాం, దాంతోపాటు ల్యాండ్‌లైన్ కూడా ఇచ్చారు. 040 నంబరు వచ్చింది. దానికి ఏ ఫోను కొనాలి? కార్డ్‌లెస్ తీసుకోవాలా, మామూలు వైరు ఫోను సరిపోతుందా?" అడిగేవాళ్లు గచ్చిబౌలిలోనో డల్లాస్‌లోనో ఉంటారు. ఫోను మాత్రం మల్కాజిగిరిలోనో వనస్థలిపురంలోనో ఒంటరిగా ఉంటున్న అమ్మానాన్నల కోసం. నేనూ ఇటీవలే మా అమ్మావాళ్లింట్లో ఈ పని చేయించాను కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

డిస్‌ప్లే ఎంత పెద్దది, రింగ్‌టోన్లు ఎన్ని, ఎన్ని నంబర్లు పడతాయి అన్నవి డబ్బా మీద రాసే ఉంటాయి. వాటి గురించి మాట్లాడను. నా దృష్టిలో ఏ ఫోను కొనాలో తేల్చేది ఒక్కటే. మే నెలలో ఈదురుగాలి వచ్చి రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయిందనుకోండి. ఆ చీకట్లో ఫోను మోగుతుందా? అమ్మ మనకు ఫోన్ చేయగలదా?

వైరు ఫోను మీద మన పెద్దవాళ్లకు ఉన్న నమ్మకం ఊరికే రాలేదు. పాత రాగి తీగ లైనుకు కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచే, 48 వోల్టుల డీసీగా వచ్చేది. ఎక్స్ఛేంజ్‌లో బ్యాటరీలు, జనరేటర్ ఉండేవి. ఇంట్లో దీపం లేకపోయినా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వినపడేది. కార్డ్‌లెస్ అలా కాదు, దాని బేస్‌కు, అంటే లైను తీగ తగిలించే పెట్టెకు, అడాప్టర్ కావాలి, కరెంటు పోతే మూగబోతుంది. అందుకే "కార్డ్‌లెస్ సోకుకి, వైరు ఫోను అవసరానికి" అనే మాట స్థిరపడింది. మీ ఇంటికి ఇప్పటికీ రాగి తీగ లైనే ఉంటే ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కార్డ్‌లెస్ పెట్టుకున్నా పక్కనే పాత వైరు ఫోనును సమాంతరంగా తగిలించి ఉంచండి, ఇక వేరే ఆలోచన అక్కర్లేదు.

కానీ ఫైబర్ వచ్చాక లెక్క మారింది. ఫైబర్ అంటే గాజు తీగ, అందులో వెలుతురే తప్ప కరెంటు రాదు. హాల్లో గోడకు బిగించిన మోడెమ్ పెట్టె ఉంది చూశారా, ఫోనుకు డయల్ టోన్ ఇచ్చేది అదే. దాని వెనక ఇంటర్నెట్ వైర్లు పట్టే వెడల్పాటి రంధ్రాల పక్కన, చిన్నగా ఒకటి ఉంటుంది. ఫోన్ అని రాసి ఉంటుంది, లేదా ఫోను బొమ్మ ఉంటుంది. ల్యాండ్‌లైన్ అక్కడ తగిలిస్తాం. ఆ పెట్టెకు కరెంటు ఆగితే కార్డ్‌లెస్సే కాదు, వైరు ఫోను కూడా అదే క్షణంలో ఆగిపోతుంది. చాలామంది ఈ సంగతి గమనించకుండా, కరెంటు పోయినా పనిచేస్తుందన్న ధీమాతో వైరు ఫోను కొని పెడుతున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే. అవసరం పడిన రాత్రి దాకా వాళ్లకు తెలియదు.

కాబట్టి ఫైబర్ ఇంట్లో ముందు మోడెమ్‌కు బ్యాకప్ పెట్టించాలి, ఆ తర్వాతే ఫోను సంగతి. మోడెమ్‌కు ఎలాగూ బ్యాకప్ ఇస్తున్నప్పుడు, కార్డ్‌లెస్ బేస్‌ను కూడా అందులోకి తేవడం పెద్ద పనేమీ కాదు. అప్పుడు వైరు ఫోనుకున్న ఒకే ఒక్క ఆధిక్యం పోతుంది, కార్డ్‌లెస్ సౌకర్యం మిగులుతుంది. నేను కార్డ్‌లెస్ వైపు మొగ్గడానికి కారణం ఇది.

బ్యాకప్ దగ్గర రెండు మూడు మెలికలున్నాయి. ఆన్‌లైన్లో దొరికే చిన్న రౌటర్ యూపీఎస్‌లు ఎక్కువగా 12 వోల్టులవి. చాలా మోడెమ్‌లకు అవి సరిపోతాయి. కార్డ్‌లెస్ బేస్‌కు మాత్రం సాధారణంగా అంతకంటే తక్కువ వోల్టేజీ కావాలి. పానాసోనిక్ అడాప్టర్లు కొన్నింటి మీద 5.5 వోల్టులనే ఉంటుంది. పిన్ను పట్టింది కదా అని 12 వోల్టుల తీగ బేస్‌కు గుచ్చితే బేస్ కాలిపోతుంది. రెండు అడాప్టర్లనూ తిప్పి, వెనక అవుట్‌పుట్ అని ఉన్న చోట సన్న అక్షరాలు చదవండి. దీనికంటే తేలిక దారి, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఎలక్ట్రీషియన్ చేత ఆ మూలనున్న సాకెట్‌కు ఇన్వర్టర్ లైను లాగించడం. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లే ఉంటాయి, టీవీ దగ్గరి సాకెట్ ఉండదు. లైను లాగించాక ఇన్వర్టర్ మీద యూపీఎస్, ఎకో అని ఒక స్విచ్ ఉందేమో చూసి, ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి. ఎకోలో ఉంచితే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కాస్త విరామంలో మోడెమ్ ఆగి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. అది లేచేదాకా ఫోను ఉండదు.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు. మీ ఫ్లాట్‌లోకి వస్తున్నది సన్నటి ఫైబర్ తీగా, లావుపాటి లాన్ కేబులా? నేరుగా ఫైబరే వస్తే దారిలో ఒక ఫైబర్‌ను పలు ఇళ్లకు పంచే స్ప్లిటర్లకు సాధారణంగా కరెంటు అక్కర్లేదు. లాన్ కేబుల్ వస్తే మాత్రం టెర్రస్ మీదో సెల్లార్లోనో కంపెనీ వాళ్ల నెట్‌వర్క్ స్విచ్ పెట్టె ఒకటి ఉంటుంది. బిల్డింగ్ కరెంటు పోతే, దానికి బ్యాకప్ లేకపోతే, మీరు ఇంట్లో ఎన్ని యూపీఎస్‌లు పెట్టినా లైను రాదు. అసోసియేషన్‌తో మాట్లాడి దాన్ని జనరేటర్ లైను మీదకు మార్పించుకోవాలి.

అన్నీ అయ్యాక ఒక సాయంత్రం మెయిన్ ఆఫ్ చేసి, మీ మొబైల్ నుంచి ఆ 040 నంబరుకు రింగ్ ఇవ్వండి. హ్యాండ్‌సెట్ నుంచి మీ మొబైల్‌కు తిరిగి చేయించండి. బ్యాకప్ ఎంతసేపు నిలుస్తుందో కూడా అప్పుడే చూసుకోండి.

ఇక కార్డ్‌లెస్ ఎందుకు మేలంటే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఫోను మోగగానే హడావుడిగా లేచి పరుగెడతారు. హాల్లో ఫోను, బాత్రూంలో మనిషి. తడి కాళ్లతో పరుగు. పెద్దవాళ్లు జారి పడేది ఇలాంటప్పుడే. రెండు హ్యాండ్‌సెట్లు వచ్చే సెట్టు తీసుకుంటే ఒకటి మంచం పక్కన, ఒకటి వంటింట్లో ఉంటుంది. రెండో దానికి టెలిఫోన్ లైను అక్కర్లేదు, చార్జింగ్ స్టాండ్‌కు ప్లగ్ చాలు. ఒకదాన్నుంచి ఇంకోదానికి పిలుచుకోవచ్చు కూడా. మా నాన్న పడగ్గదిలోంచి వంటింట్లో ఉన్న అమ్మను ఇప్పుడు అలాగే పిలుస్తున్నారు. హ్యాండ్‌సెట్ ఎక్కడో పెట్టి మరిచిపోతే బేస్ మీది బటన్ నొక్కితే అది మోగుతుంది. సోఫా దిండ్ల కింద దొరుకుతుంది.

కొనేటప్పుడు, పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. అమెరికా నుంచి వచ్చేవాళ్ల చేత ఫోను తెప్పించుకోకండి. అక్కడి నుంచి తెప్పించుకోవచ్చా అని హైదరాబాద్‌లో అడగని ఇల్లు లేదేమో. అక్కడ అమ్మే డెక్ట్ 6.0 రకం కార్డ్‌లెస్ ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. మన దేశంలో మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడేందుకు కేటాయించిన బ్యాండ్‌లో భాగం అది. మీ ఫోను చుట్టుపక్కల మొబైళ్లకు అడ్డుపడుతుంది, లైసెన్స్ లేకుండా ఆ బ్యాండ్ వాడకూడదు కూడా. పైగా వాటి అడాప్టర్ 120 వోల్టులకే చేసినదైతే మన 230లో పెట్టగానే మాడుతుంది. అటక మీదున్న పాత ఏరియల్ కార్డ్‌లెస్ కూడా వద్దు. ఆ తరం అనలాగ్ ఫోన్లలో మాటలు బయటివాళ్లు రేడియో సెట్టుతో వినే వీలుండేది.

ఇక్కడ అమ్మే మోడళ్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌వి. వైఫై, మైక్రోవేవ్ కూడా అదే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయి. డబ్బాలో ఇచ్చే ఫోను తీగ పొట్టిగా ఉండటంతో అందరూ బేస్‌ను మోడెమ్ పక్కనే, ఒకే అరలో పెడతారు. తర్వాత గరగర అని ఫిర్యాదు. కోఠి గుజరాతీ గల్లీలో పొడుగు టెలిఫోన్ తీగ చవగ్గా దొరుకుతుంది, తెచ్చి బేస్‌ను రెండు మూడు మీటర్లు జరపండి. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున, ఇనుప బీరువాకు ఎడంగా ఉండాలి. డబ్బా మీద ఇంట్లో 50 మీటర్లు అని ఉన్నా కాంక్రీటు గోడలు దాటేటప్పటికి అది బాగా తగ్గుతుంది.

పాత రాగి లైను గోడ సాకెట్లను ఫైబర్ ఫోనుకు వాడుకుందామనుకుంటే, బయటి నుంచి వచ్చే పాత తీగను ముందు పూర్తిగా విడదీయించండి. ఎక్స్ఛేంజ్ వోల్టేజీ ఎదురు వస్తే మోడెమ్ పాడవుతుంది. లైను తీగలు చేత్తో పట్టుకుని పనిచేసేటప్పుడు మోడెమ్ నుంచి ప్లగ్ తీసేయండి. రింగ్ వచ్చే సమయంలో ఆ తీగల్లో వోల్టేజీ షాక్ కొట్టేంత ఉంటుంది.

బ్యాటరీల విషయంలో కచ్చితంగా ఉండండి. హ్యాండ్‌సెట్‌లో నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ బ్యాటరీలే వేయాలి. గడియారంలో వేసే మామూలు సెల్లులు సైజు సరిపోయాయని వేస్తే, స్టాండ్ మీద పెట్టగానే అవి చార్జ్ అవడం మొదలై కారతాయి, పగలనూవచ్చు. కొత్తలో ఏడెనిమిది గంటలు పూర్తిగా చార్జ్ చేశాకే వాడండి. కొన్నాళ్లకు మాట మధ్యలో ఆగిపోతుంటే ఫోను పాడైందనుకోకండి, బ్యాటరీలు మార్చండి. వంటింటి హ్యాండ్‌సెట్ చార్జింగ్ రేకులకు నూనె జిడ్డు పడుతుంది, అప్పుడప్పుడు పొడిబట్టతో తుడవాలి.

నంబర్లు ఎక్కించేటప్పుడు మొబైల్ నంబర్లన్నిటికీ ముందు సున్నా పెట్టండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు సున్నాతోనే చేయాలి. పాత డైరీ చూసి ఎక్కిస్తే ఇక్కడే తప్పు జరుగుతుంది. 112, 108, కరెంటు ఆఫీసు 1912, గ్యాస్ లీకేజీకి 1906 కూడా ఎక్కించండి. గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం ఏ ఫోనూ అక్కడ ముట్టుకోకూడదు, లైటు స్విచ్ కూడా వేయకూడదు. బయటికి వెళ్లాకే ఫోను. ఉరుములప్పుడు రాగి లైను వైరు ఫోనులో మాట్లాడకూడదు, ఈ విషయంలో కార్డ్‌లెస్ హ్యాండ్‌సెట్ క్షేమం. ఊరికి వెళ్తుంటే అడాప్టర్లు, లైను తీగ పీకేసి వెళ్లండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు హ్యాండ్‌సెట్‌ను చొక్కా జేబులో వేసుకోకూడదు. కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి.

సిమ్ వేసుకునే బల్ల ఫోను విషయానికొస్తే, రాగి లైను లేని ఇంట్లో, నేను పెట్టిన కరెంటు పరీక్షలో ఏ ఏర్పాటూ లేకుండా నెగ్గే ఇంటి ఫోను అదొక్కటే. లోపలే బ్యాటరీ ఉంటుంది, మోడెమ్‌తో పని లేదు. అద్దె ఇల్లయి, ఇన్వర్టర్ లేక, సాకెట్లు మార్పించుకునే వీలు లేకపోతే నేను కూడా ఇదే కొనమంటాను. కాకపోతే పెద్దవాళ్లు మళ్లీ లేచి దాని దగ్గరికే వెళ్లాలి, లోపలి గదుల్లో సిగ్నల్ అందకపోవచ్చు, 040 నంబరు ఉండదు. 2జీ మాత్రమే ఉన్న సెట్టులో జియో సిమ్ పనిచేయదు. 4జీ అని రాసి ఉన్నదే తీసుకోండి.

కీప్యాడ్ మొబైల్ ఎలాగూ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ అది చార్జింగ్ అయిపోయో, సైలెంట్‌లో పడో ఉండే రోజులు ఎక్కువ. దాన్ని రెండో ఫోనుగానే లెక్కపెట్టుకోండి. బేస్ మీదే ఒక వైరు రిసీవర్, వేరుగా ఒక కార్డ్‌లెస్ హ్యాండ్‌సెట్ ఉండే కాంబోలు రాగి లైను ఉన్నవాళ్లకు బాగుంటాయి, ఫైబర్‌కు వాటివల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు.

గేటు సెక్యూరిటీ ఇంటర్‌కమ్‌ను కూడా ఇదే కార్డ్‌లెస్‌కు కలపొచ్చా అని కొందరు అడిగారు. ఒక లైను ఫోనుకు రెండు లైన్లు ముడేయకండి. ఇంటర్‌కమ్‌కు వేరే కార్డ్‌లెస్ పెట్టుకోవచ్చు, లేదా రెండు లైన్ల మోడల్ కొనాలి.