విలియం పేటర్సన్ జాడలో: లండను నుంచి డంఫ్రీస్ దాకా

మా అబ్బాయి లండనులో ఉంటున్నందువల్ల నిరుడు సెప్టెంబరులో నేనూ మా ఆవిడా అక్కడ కొన్ని వారాలు గడిపాము. ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాంకులో లెడ్జర్ల మధ్య బతికిన మనిషిని కనుక, కోటలూ సరస్సులూ ఎలాగూ చూపిస్తారని తెలిసి, నా వంతుగా ఒక్క కోరిక కోరాను. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు పథకం రాసిన స్కాట్లండు వాడు విలియం పేటర్సన్ జాడలు ఏమైనా మిగిలి ఉంటే చూడాలని. దీనికి లండనులో ఒక పూట, ఎడింబరోలో రెండు రాత్రులు, డంఫ్రీస్‌లో రెండు రాత్రులు పట్టాయి. ఆయన పేరిట పెద్ద స్మారకం ఏదో చూద్దామని బయలుదేరేవారికి ఈ యాత్ర నిరాశనే మిగులుస్తుందని ముందే చెప్పడం మంచిది. ఆయన రాతలు కొద్దిగానైనా చదువుకుని వెళ్ళినవారికి మాత్రం ఖర్చు దండగ కాదు.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మ్యూజియం బార్తలోమ్యూ లేన్‌లో, బ్యాంక్ మెట్రో స్టేషను నుంచి నాలుగడుగుల దూరంలో ఉంది. ప్రవేశం ఉచితం, కానీ శని ఆదివారాల్లో తెరవరు. గుంపు ఎక్కువగా మూగేది బంగారు కడ్డీ దగ్గర: పెట్టెకున్న రంధ్రంలో చెయ్యి పెట్టి 13 కిలోల కడ్డీని ఎత్తి చూడవచ్చు. మా ఆవిడ రెండు సార్లు ఎత్తింది. నేను అక్కడ తలుచుకున్నది 1694 నాటి లెక్క. ఫ్రాన్సుతో యుద్ధానికి డబ్బు చాలక మూడో విలియం రాజు ప్రభుత్వం సతమతమవుతున్నప్పుడు, 12 లక్షల పౌండ్లు చందాలుగా, అంటే జనం పెట్టే పెట్టుబడిగా, పోగుచేసి ప్రభుత్వానికి అప్పివ్వడం, అందుకు 8 శాతం వడ్డీ, నిర్వహణ ఖర్చుకు ఏటా 4,000 పౌండ్లు పుచ్చుకోవడం, అప్పిచ్చినవారందరినీ కలిపి ఒక బ్యాంకుగా నిలబెట్టడం ఆ పథకం సారం. అదే ఏడు అచ్చయిన చిన్న పుస్తకంలో పేటర్సన్ గట్టిగా పట్టుబట్టిన మాట ఒకటుంది. వెనుక నిజమైన విలువ లేని కాగితం దొంగనాణెంతో సమానమనీ, ఆ నష్టం ఎవరో ఒకరి నెత్తిన పడక తప్పదనీ ఆయన వాదం. మొదటి డైరెక్టర్లలో ఒకరైన ఆయన తోటివారితో పొసగక 1695లోనే బయటికి వచ్చేశాడు. సంస్థను కట్టినవాడు ఏడాది తిరక్కుండా దాని గుమ్మం దాటిపోయాడన్నమాట. మ్యూజియం చక్కగా ఉంది, సిబ్బంది ఓపికగా జవాబులు చెబుతారు, గంటన్నర చాలు.

కింగ్స్ క్రాస్ నుంచి ఎడింబరోకు రైలులో దాదాపు నాలుగున్నర గంటలు. సముద్రం కనిపించేది కుడి చేతి వైపు కాబట్టి ఆ వైపు సీట్లు చూసి బుక్ చేసుకోవాలి. మేము దిగిన బస గురించి మెచ్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పి కింది అంతస్తు గది అడిగితే సరేనని ఉత్తరం రాసినవారు, తీరా వెళ్ళాక లిఫ్టు లేని మూడో అంతస్తు గది ఇచ్చారు. పడక శుభ్రంగా ఉంది, వేడినీళ్ళకు లోటు లేదు, శాకాహారులకు ఉదయం గంజి లాంటి ఓట్సు, కాల్చిన రొట్టె, పుట్టగొడుగులు పెట్టారు. ఆగస్టులో ఉత్సవాల వల్ల ఈ ఊళ్ళో గదుల అద్దెలు ఆకాశాన్నంటుతాయి, కనుక సెప్టెంబరే నయం.

ఈ యాత్రలో ఒకే ఒక్క వస్తువు చూడగలిగితే చాంబర్స్ వీధిలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లండ్‌లో ఉన్న డేరియన్ పెట్టెను చూడమంటాను. ప్రవేశం ఉచితం. పేటర్సన్ కలలోంచి పుట్టిన కంపెనీ ఆఫ్ స్కాట్లండ్ తన సొమ్మూ కాగితాలూ దాచుకున్న ఇనుప పెట్టె అది. మూత తెరిస్తే లోపలి వైపంతా తాళం యంత్రమే పరుచుకుని ఉంటుంది. మీటలు, వాటి కొసన నలువైపులకూ చాచుకున్న గడియలు కనిపిస్తాయి. స్ట్రాంగ్ రూము తాళాలు జాయింట్ కస్టడీలో, అంటే ఇద్దరి ఉమ్మడి బాధ్యతలో, పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగినవాడిని, ఆ పనితనం చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. తాళం మీద ఇంత శ్రద్ధ పెట్టిన కంపెనీ సొమ్ము తాళం పగిలి పోలేదు. లెక్క తప్పి పోయింది.

ఆ కథ చెప్పకుండా పెట్టెను చూపించినా లాభం లేదు. 1695లో స్కాట్లండు పార్లమెంటు ఆఫ్రికాతోనూ ఇండీస్‌తోనూ వ్యాపారం చేసే హక్కునిస్తూ ఈ కంపెనీని ఏర్పరచింది. 1611 నుంచీ మా మచిలీపట్నంలో గిడ్డంగి నడుపుతున్న ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇది కంట్లో నలుసైంది. లండనులో పోగైన 3 లక్షల పౌండ్ల చందా అక్కడి పార్లమెంటు ఒత్తిడికి చెదిరిపోయింది. దాంతో 1696 ఫిబ్రవరిలో ఎడింబరోలో చందా పుస్తకం తెరిస్తే, ప్రభువులూ వర్తకులే కాక వైద్యులు, వితంతువులు, పట్టణ సభలు కూడా సంతకాలు చేసి 4 లక్షల పౌండ్లు రాశారు. రెండు సముద్రాల మధ్య సన్నటి నేల అయిన పనామా భూసంధిలోని డేరియన్‌లో వలస స్థాపించి రెండు మహాసముద్రాల వర్తకాన్ని చేతిలోకి తెచ్చుకోవాలన్నది పేటర్సన్ ఊహ. సముద్రాల ద్వారం, విశ్వానికి తాళంచెవి అని 1701లో ఆయన ఆ చోటును వర్ణించాడు. ఆ పెట్టె ముందు నిలబడినప్పుడు ఆ మాట గుర్తురాకుండా ఉండదు.

నడిమధ్యలో జరిగినది ఏ బ్యాంకు ఉద్యోగికైనా చురుక్కుమంటుంది. పేటర్సన్ నమ్మి 25,000 పౌండ్లు అప్పగించిన మనిషి అందులో కొంత కాజేయడంతో ఆయన కంపెనీ నిర్వహణలో స్థానం పోగొట్టుకుని, తానే తలపెట్టిన వలసకు మామూలు వలసదారుగా బయలుదేరాడు. 1698 జులైలో లీత్ రేవు నుంచి అయిదు ఓడలు, దాదాపు 1,200 మంది కదిలారు. నవంబరులో అక్కడికి చేరిన కొద్ది రోజులకే ఆయన భార్య హన్నా చనిపోయింది. జ్వరాలు, తిండి కొరత, ఆ ఎండల్లో ఎవరూ కొనని ఉన్ని బట్టల సరుకు, సాయం చేయవద్దని ఇంగ్లీషు వలసలకు రాజు పంపిన ఆజ్ఞలు కలిసి 1699 జూన్ నాటికి ఆ చోటును ఖాళీ చేయించాయి. ఆ అయిదు ఓడలలో తిరిగి ఇల్లు చేరినది కాలిడోనియా ఒక్కటే. రెండో యాత్రవారు 1700లో స్పెయిన్ సేనలకు లొంగిపోయారు. మొత్తం మీద 2,000 మంది దాకా ప్రాణాలు పోయాయి.

లీత్‌కు ఇప్పుడు ట్రాములో సుఖంగా వెళ్ళవచ్చు. రేవు ఒడ్డున హోటళ్ళు బాగున్నాయి. ఆ ఓడల గుర్తు మాత్రం నా కంటపడలేదు. దానికంటే ఎడింబరోలో మౌండ్ అనే వీధిలో ఉన్న బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ భవనంలోని మ్యూజియం మేలు. ఇదీ ఉచితమే. ఒక అద్దాల పెట్టెలో పది లక్షల పౌండ్ల రద్దయిన నోట్లు పేర్చి ఉంచారు. 1695లో పుట్టిన ఆ బ్యాంకును స్థాపించడంలో ముందున్నవాడు జాన్ హాలండ్ అనే ఇంగ్లీషు వర్తకుడు. స్కాట్లండు వాడు ఇంగ్లండుకు బ్యాంకు పెడితే, ఇంగ్లీషు వాడు స్కాట్లండుకు పెట్టాడు. సెయింట్ ఆండ్రూ స్క్వేరులోని డండాస్ హౌస్‌కూ వెళ్ళాము. అది రాయల్ బ్యాంక్ శాఖ. కప్పులో నక్షత్రాల ఆకారంలో అద్దాలు బిగించిన ఆ హాలులో కౌంటర్ల వెనుక మామూలుగానే పని జరుగుతూ ఉంటుంది. 1707లో రెండు రాజ్యాలూ కలిసినప్పుడు స్కాట్లండుకు చెల్లించిన 3,98,085 పౌండ్ల 10 షిల్లింగుల పరిహారం, అందులోంచి డేరియన్ వాటాదారులకు వడ్డీతో సహా దక్కిన సొమ్ము, ఆ పరిహారంలో చెల్లించకుండా మిగిలిన బాకీకి ఇచ్చిన పత్రాలు చేతిలో ఉన్నవారి సంఘంలోంచి 1727లో ఈ రాయల్ బ్యాంక్ పుట్టడం ఒకే గొలుసులోని లంకెలు. ఆ పరిహారపు లెక్కల్లో పేటర్సన్ చెయ్యి ఉంది. రాజ్యాల కలయికను సమర్థిస్తూ 1706లో ఆయన ఒక పుస్తకం కూడా రాశాడు. డేరియన్‌లో పోగొట్టుకున్నదానికి ఆయనకు పార్లమెంటు 18,000 పౌండ్లు మంజూరు చేసినది 1715లో. మరి నాలుగేళ్ళకు, 1719 జనవరిలో కన్నుమూశాడు.

ఎడింబరో నుంచి లాకర్బీ దాకా గంట రైలు, అక్కడి నుంచి బస్సులో డంఫ్రీస్ చేరాము. ఇక్కడి బస ఎడింబరో బాధను మరిపించింది. రాత్రికి 80 పౌండ్లు. ఇంటావిడ మా తడిసిన కోట్లను తానే వంటింటి పొయ్యి దగ్గర ఆరబెట్టి, మర్నాడు టిన్వాల్డ్ వైపు వెళ్ళడానికి తెలిసిన టాక్సీని పిలిపించింది. పేటర్సన్ 1658లో పుట్టిన స్కిప్‌మైర్ ఆ పారిష్‌లోని, అంటే ఆ చర్చి పరిధిలోని, పొలం. అప్పటి ఇల్లు ఇప్పుడు లేదు. రాతి గోడల మధ్య పచ్చిక, ఆవులు, మసక వాన మాత్రమే ఉన్నాయి. అది సొంతదారులున్న పొలం కాబట్టి రోడ్డు మీదే నిలబడి చూసి వచ్చాము. పావుగంట కోసం టాక్సీకి అంత ఇవ్వడం అవసరమా అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పట్టుదల ఉన్నవారు తప్ప మిగిలినవారు ఈ భాగం వదిలేయవచ్చు.

న్యూ ఆబీ గ్రామంలోని స్వీట్‌హార్ట్ ఆబీని మాత్రం వదలకూడదు. డంఫ్రీస్ నుంచి దక్షిణానికి 12 కిలోమీటర్ల లోపే, బస్సు ఉంది. ఎర్ర ఇసుకరాతితో కట్టిన ఈ మఠాన్ని 1273లో డెవోర్గిల్లా అనే ప్రభువుల ఇంటి ఆడపడుచు చనిపోయిన భర్త జ్ఞాపకార్థం కట్టించింది. ఆయన గుండెను దంతపు పెట్టెలో పెట్టి తనతోనే ఉంచుకున్న ఆమెను, ఆ పెట్టెతో పాటే ఇక్కడ సమాధి చేశారు. పేటర్సన్‌ను కూడా ఈ ఆవరణలోనే పూడ్చారని స్థానికంగా చెప్పుకుంటారు. ఆయన పేరున్న రాయి కోసం సమాధుల మధ్య తడి గడ్డిలో గంటసేపు తిరిగాను, కనిపించలేదు. మా ఆవిడ గోడ పక్కన గొడుగు కింద కూర్చుని డెవోర్గిల్లా కథ పలకను రెండోసారి చదువుకుంది. టికెట్టు కొనుక్కోవాలి, దగ్గర్లోనే పాత నీటి మర కూడా ఉంది. తిరుగు బస్సు వేళలు మాత్రం ముందే రాసి పెట్టుకోవాలి, మేము నలభై నిమిషాలు ఎదురుచూడవలసి వచ్చింది.