ఒకే దండా, చీలిన దళాలా: ఏది మేలు?

యూరోపా యూనివర్సలిస్ 4 అనే కంప్యూటర్ యుద్ధవ్యూహ ఆట ఆడేవారికి పదేపదే ఎదురయ్యే తర్జనభర్జన ఒకటుంది. ఉన్న సైన్యాన్నంతా ఒకే దండుగా నడిపించాలా, మూడు నాలుగు దళాలుగా చీల్చి పక్కపక్క ప్రావిన్సుల (పటంలోని భూభాగాల) మీదుగా పంపాలా అన్నదే అది. విశాఖ సీతమ్మధారలోని మిత్రుడి గదిలో ఆదివారాల్లో కలిసి ఆడే మాకు ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. నా మొగ్గు చీల్చడం వైపే, అయితే కొన్ని షరతులతో.

ఒకే దండుకు నడపడం సులువు, దారిలో శత్రువు మీద పడతాడన్న భయమూ తక్కువ. కానీ ప్రతి ప్రావిన్సుకు ఒక సప్లై లిమిట్ (అది పోషించగల సైన్యానికి హద్దు) ఉంటుంది, దాన్ని దాటిన సైన్యం నెల మారిన ప్రతిసారీ అట్రిషన్ (పోరు లేకుండానే సైనికులు తరిగిపోవడం) రూపంలో మూల్యం చెల్లిస్తుంది, చలికాలంలో అది మరింత పెరుగుతుంది. సాధారణంగా నెలకు 5 శాతం దాకా పోవచ్చు. వినడానికి చిన్న అంకే. ఒకసారి ఒట్టోమాన్‌గా 40,000 మందితో మస్కోవీ (నాటి రష్యా రాజ్యం) మీదికి బయలుదేరాను. సైన్యం పక్కన పుర్రె గుర్తు కనబడుతున్నా లెక్కచేయలేదు, మ్యాన్‌పవర్ (భర్తీకి దొరికే మనుషుల నిల్వ) అడుగంటడంతో భర్తీ అందలేదు. ఒక్క యుద్ధమూ చేయకుండానే ఐదు నెలల్లో 31,000కు దిగిపోయాను. 1812 నాటి నెపోలియన్ దండయాత్రపై ఫ్రెంచి ఇంజనీరు మినార్ 1869లో గీసిన పటంలో 4,22,000గా మొదలైన గీత మాస్కో చేరేసరికి 1,00,000కు సన్నబడుతుంది. నాది దానికి చిన్న నకలు.

చీలిన దళాలకు ఈ బెడద తక్కువ. పైగా యుద్ధంలోనూ ఒక లాభం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ముందు వరుసలో ఒకేసారి నిలబడగల రెజిమెంట్లకు (సైన్యంలోని చిన్న విభాగాలకు) పరిమితి ఉంటుంది, ఆట చివరి దశలో అది 40. మిగిలినవారు వెనక నిలబడతారు, అక్కడ పోరాడకుండానే వారి మనోబలం రోజురోజుకూ కరుగుతుంది. అదే కొన్ని రోజుల తర్వాత వచ్చి కలిసే దళం నిండు మనోబలంతో దిగుతుంది. అందుకే మొదటి దళంలో ఫిరంగులను పూర్తిగా ఉంచి, రెండో దళాన్ని ఎక్కువగా కాల్బలంతోనే నింపుతాను, ఎందుకంటే ముందు వరుస కూలితే ఫిరంగులే ఎదురు నిలవాల్సి వస్తుంది.

ముట్టడిలో తేడా మరీ స్పష్టం. శ్రీకృష్ణదేవరాయలు 1513లో కళింగ గజపతుల ఉదయగిరి కోటను చుట్టుముడితే అది 1514లో గాని చిక్కలేదు. ఆ కళింగ దండయాత్ర సాగిన దారిలోనే 1516లో ఆయన సింహాచలంలో వేయించిన శాసనం మనకు దగ్గరలోనే ఉంది. ఆటలోనూ కోటలు అంత త్వరగా లొంగవు కనుక, కోట స్థాయికి తగ్గ కనీస బలాన్ని, ఫిరంగులను అక్కడ ఉంచి, మిగిలినవారిని పక్క ప్రావిన్సులో నిలపడం మేలు.

చీల్చకూడని సందర్భాలూ ఉన్నాయి. శత్రువు ప్రధాన సైన్యం రెండు ప్రావిన్సుల దూరంలో ఉంటే విడిపోవడం ప్రమాదం, పదింతల బలం మీద పడితే ఒంటరి దళం క్షణంలో తుడిచిపెట్టుకుపోతుంది. పర్వత ప్రావిన్సుల్లో దాడి చేసేవారికి, యుద్ధ ఫలితాన్ని తేల్చే పాచికల లెక్కలో 2, నది దాటితే 1 తగ్గుతాయి కాబట్టి, సాయంగా వచ్చే దళం పర్వతం చాటున చిక్కుకోకుండా చూసుకోవాలి. నేనైతే దళాల మధ్య ఒక్క ప్రావిన్సుకు మించి ఎడం ఉంచను, కదిలించే ముందు రెండూ చేరే తేదీలను సరిచూసుకుని, ఆలస్యమయ్యే దళాన్నే మొదట బయలుదేరదీస్తాను.