నెల్లూరు, ఒంగోలులో సెలబ్రిటీ పీఆర్ ప్యాకేజీలు: అతిథి వస్తారు, వార్త మాత్రం అడిగి రాయించుకోవాలి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో బట్టల షాపు తెరిచినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో నగల దుకాణం కొత్త బ్రాంచి పెట్టినా రిబ్బన్ కత్తిరించడానికి హీరోయినో, సీరియల్ నటో రావడం మామూలైపోయింది. చిన్న సినిమా తీసినవాళ్లు కూడా రిలీజుకు ముందు ఈ రెండు ఊళ్లకూ టూరు వేస్తున్నారు. ఈ పనంతా చేసిపెడతామని హైదరాబాద్ పీఆర్వోలు (ప్రచారం చూసేవాళ్లు), వాళ్ల తరఫున జిల్లాల్లో తిరిగే కోఆర్డినేటర్లు ఒకే ప్యాకేజీ అమ్ముతున్నారు. ఈ రివ్యూ ఆ ప్యాకేజీ గురించే. మా తీర్పు ముందే చెప్పేస్తాం. సెలబ్రిటీని తీసుకొచ్చి క్షేమంగా పంపడంలో ఈ సర్వీసు బాగుంది. ఆ తర్వాత జరగాల్సిన ప్రచారం దగ్గర తేలిపోతోంది. డబ్బు మాత్రం రెండింటికీ కలిపి తీసుకుంటున్నారు.

ఎవరి పని ఏదో తెలియకపోతే ఇందులో ఎవరైనా మోసపోతారు. నటి డేట్లు చూసేది మేనేజరు. స్టేజీ, లైట్లు, సౌండు ఈవెంట్ వాళ్లవి. కోఆర్డినేటర్ మేనేజరుకు ఫోన్ కలిపి కమీషన్ తీసుకునే మనిషి. పీఆర్వో పని వార్త: ప్రెస్ నోట్, అంటే పేపర్లకు పంపే వార్త, రాయడం, ఫొటోలు ఎంచి పంపడం, విలేకరులను పిలవడం, మైకు ముందు ఎవరు ఎంతసేపు మాట్లాడాలో చూసుకోవడం, తప్పు వార్త వస్తే సరిచేయించడం. ప్యాకేజీలో మొదటి ముగ్గురూ ఉండి నాలుగో మనిషి లేకపోవడం చాలాచోట్ల జరుగుతోంది. తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "ప్రెస్ నోట్ ఎవరు రాస్తారు?" దానికి మనిషి పేరు రావాలి. "అయిపోతాదన్నా, మేం చూసుకుంటాం గదా" అన్నారంటే ఆ పని చేసేవాళ్లు లేరని అర్థం.

పీఆర్వో ఎక్కడినుంచి వచ్చాడన్నదీ చూడాలి. తెలుగులో ఈ వృత్తి సినిమా జర్నలిజం నుంచి ఎదిగింది. 2021 మేలో కన్నుమూసిన పేరున్న పీఆర్వో బి.ఏ. రాజు పాత్రికేయుడు, సూపర్‌హిట్ పత్రిక నడిపినవాడు, నిర్మాత కూడా. ఆ దారిలో వచ్చినవాళ్లకు డెస్కులో, అంటే పేపరాఫీసులో వార్తలు ఎంచి దిద్దేచోట, కూర్చున్నవాడికి ఏం కావాలో తెలుసు. మామూలుగా కుర్రవాళ్లు అసిస్టెంట్‌గా చేరి స్టిల్స్ పంపడం, నోట్లు టైపు చేయడం, విలేకరులకు ఫోన్లు చేయడం నేర్చుకుంటారు. తర్వాత సొంతంగా సినిమాలు ఒప్పుకుంటారు, ఆపైన ఏ హీరోకో పర్సనల్ పీఆర్వో అవుతారు. ఇప్పుడు సోషల్ మీడియా మార్కెటింగ్ నుంచి నేరుగా వస్తున్నవాళ్లు రీల్స్ బాగా చేస్తారు. జిల్లా పేజీ ఎన్నింటికి మూస్తారో (ఆ తర్వాత వార్త తీసుకోరు), ఎవరికి ఏం పంపాలో మాత్రం చాలామందికి తెలియదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సెలబ్రిటీ పీఆర్వోకు నిలకడైన ఆదాయం ఆ సెలబ్రిటీ దగ్గర. మీ షాపు అతనికి ఒక్క రోజు పని. ప్రెస్ మీట్‌లో ఎవరైనా నటిని ఆమె పాత వివాదం గురించి అడిగితే అతను వెంటనే మైకు ఆపేసి ఆమెను తీసుకెళ్లిపోతాడు. మీ షాపు పేరు ఒక్కసారి కూడా పలకకముందే అలా జరగొచ్చు. అది అతని వృత్తిధర్మం, తప్పుపట్టలేం. మీకు కావాల్సింది ముందే కాగితం మీద రాయించుకోవడం మీ పని.

రవాణా విషయంలో ఈ టీములకు మంచి మార్కులు వేయాలి. నెల్లూరుకు విమానాశ్రయం లేదు. చెన్నైలో దిగితే రోడ్డు మీద సుమారు 175 కిలోమీటర్లు, రేణిగుంటలో దిగితే అంతకంటే తక్కువ. ఒంగోలుకైతే గన్నవరం మీదుగా రావడం నయం. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ 2023 ఏప్రిల్ నుంచి ఒంగోలు, నెల్లూరు రెండుచోట్లా ఆగుతోంది కాబట్టి టీవీ నటులు, చిన్న సినిమా టీములు రైలుకే మొగ్గు చూపుతున్నాయి. అనుభవమున్న కోఆర్డినేటర్ చెన్నై విమానం దిగిన దగ్గర్నుంచి నాలుగున్నర గంటలు లెక్కవేస్తాడు. రెడ్‌హిల్స్ దాకా నగరం ట్రాఫిక్ ఉంటుంది, దారిలో టిఫిన్ ఉంటుంది, ఊళ్లోకొచ్చాక హోటల్లో మేకప్‌కు గంట పడుతుంది. మూడు గంటల్లో వచ్చేస్తారని చెప్పేవాడిని నమ్మకండి. ముహూర్తం ఉదయం 9లోపు ఉంటే రెండే దారులు: ముందురోజు రాత్రే రప్పించి గది ఇవ్వడం, లేదా ముహూర్తానికి ఇంటివాళ్లు పూజ చేసి దీపం వెలిగించి, రిబ్బన్ 11 గంటలకు పెట్టుకోవడం. రెండోదే మేలు. విమానం ఆలస్యమైనా ముహూర్తం తప్పదు.

ఒప్పందంలో "గెస్ట్ అప్పియరెన్స్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. ఎన్ని నిమిషాలు, గంట లెక్క కారు దిగినప్పటి నుంచా లేక స్టేజీ ఎక్కినప్పటి నుంచా, ఎన్ని అంతస్తులు తిరుగుతారు, నగలు లేదా చీర ధరించి ఫొటోలు ఇస్తారా, వీడియో బైట్ (కెమెరా ముందు చెప్పే చిన్న మాట) ఎన్ని సెకన్లు, ఆ వీడియోను మీరు ఎన్నాళ్లు వాడుకోవచ్చు, ఆమె సొంత ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో పోస్టు ఉంటుందా, స్టోరీ మాత్రమేనా: ఇవన్నీ విడివిడిగా రాయాలి. ప్రారంభానికి వచ్చినంత మాత్రాన ఆమె ఫొటో ఏడాదిపాటు హోర్డింగుల మీద వేసుకునే హక్కు రాదు, అది వేరే రేటు. వెంట వచ్చేవాళ్ల సంఖ్య కూడా రాయించండి. మేకప్, హెయిర్, అసిస్టెంటు, మేనేజరు, బౌన్సర్లు కలిస్తే గదుల బిల్లు పెరిగిపోతుంది.

డబ్బు దగ్గర "నెట్" అన్న మాట వినబడితే కాలిక్యులేటర్ తీయండి. ఫీజు 5,00,000 అనుకుందాం. మామూలుగా అయితే దానిపై 18 శాతం జీఎస్టీ 90,000 కలిపి బిల్లు 5,90,000. అందులో ఫీజు మీద 10 శాతం టీడీఎస్ (వాళ్ల తరఫున ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) 50,000 పట్టుకుని మిగతా 5,40,000 ఇస్తారు. "5 లక్షలు నెట్" అంటే టీడీఎస్ పోగా వాళ్ల చేతికి 5 లక్షలు రావాలని. అప్పుడు ఫీజే 5,55,556 అవుతుంది, జీఎస్టీ 1,00,000. మీ మొత్తం ఖర్చు 6,55,556. ఒక్క మాటకు 65 వేలకు పైగా తేడా. సాధారణంగా సగం అడ్వాన్సు ఇవ్వాలి, మిగతా సగం అతిథి బయల్దేరకముందే అడుగుతారు. ఆ రెండో భాగంలోంచి ప్రచారం వాటాను విడగొట్టి, పేపర్ క్లిప్పింగులు చేతికొచ్చాక ఇస్తామని రాయించుకోగలిగితే ఈ రివ్యూలో చెప్పే ఇబ్బందుల్లో చాలా భాగం తీరుతుంది.

ఇక ప్యాకేజీలో అన్నిటికంటే నీరసమైన భాగం, ప్రెస్ నోట్. నోట్లు "అందాల తార చేతుల మీదుగా అంగరంగ వైభవంగా" అని మొదలై, షాపు ఎక్కడుందో నాలుగో పేరాలో చెబుతున్నాయి. డెస్కులో చోటు చాలకపోతే వార్తను కిందనుంచి కోస్తారు. ముందు పోయేది మీ చిరునామానే. మొదటి వాక్యంలోనే ఊరు, వీధి, షాపు పేరు, రోజు, ప్రారంభించినవారి పేరు రావాలి. రెండో పేరాలో ఏం అమ్ముతారు, ఎన్ని అంతస్తులు, ప్రారంభ ఆఫర్ ఎప్పటిదాకా. మూడోదాంట్లో అతిథి మాట ఒక్కటి. చివర యజమానుల పేర్లు ఇంటిపేర్లతో సహా. మొత్తం 180 నుంచి 200 మాటలు. అంతకు మించితే చదవరు.

నోట్‌ను అను ఫాంటులో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంటు) కొట్టి పీడీఎఫ్ చేసి పంపే అలవాటు ఇంకా పోలేదు. విలేకరి దాన్ని కాపీ చేస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి. మండలాల వార్తలతో తలమునకలైనవాడు మీ షాపు కోసం మళ్లీ టైపు చేయడు. యూనికోడ్‌లో మామూలు టెక్స్ట్‌గా వాట్సాప్‌లోనూ మెయిల్‌లోనూ పంపించమనండి. ఫొటోలదీ ఇదే కథ. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. పేపర్లో 15 సెంటీమీటర్ల వెడల్పున 300 డీపీఐలో అచ్చు కావాలంటే దాదాపు 1,800 పిక్సెల్స్ ఉండాలి. నాలుగు ఫొటోలు చాలు. ప్రతిదానికీ ఎడమ నుంచి వరసగా ఎవరెవరో రాయాలి. నలభై ఫొటోలు గుప్పిస్తే, అందులోంచి ఏరేది మీ గురించి తెలియనివాళ్లు.

రిబ్బన్ కట్టే చోటును పీఆర్వో ముందురోజే వచ్చి చూశాడా అన్నదాన్ని బట్టి అతని పనితనం తెలిసిపోతుంది. పూలతోరణం గుమ్మానికి అడ్డంగా కడతారు, అది సరిగ్గా షాపు పేరును కప్పేస్తుంది. పేరు పైన ఎత్తులో ఒక్కచోటే ఉంటే పేపరువాళ్లు ఫొటో పైభాగం కోసేసినప్పుడు అదీ పోతుంది. మనుషుల భుజాల ఎత్తులో, వెనక తెర మీద నాలుగైదు చోట్ల చిన్నగా పేరు ఉంటే ఎలా కోసినా ఒకటి మిగులుతుంది. ఫ్లెక్సీ వాడికి చెబితే పది నిమిషాల పని.

టైము సంగతి: జిల్లా పేజీలు మెయిన్ పేజీలకంటే ముందే మూస్తారు. కార్యక్రమం మధ్యాహ్నం 12కు ముగిస్తే నోట్, ఫొటోలు 2 గంటలకల్లా వెళ్లాలి. రాత్రి 7కు పెట్టే ప్రారంభాలు టీవీకి అందంగా ఉంటాయి, మర్నాటి పేపర్లో చోటు దొరకడం కష్టం. "మీడియా ఖర్చు" పేరుతో విలేకరులకు కవర్ల లెక్క రాస్తే దాన్ని తీసేయించండి. వార్త పెట్టేదీ ఆపేదీ డెస్కు. చోటు గ్యారంటీ కావాలంటే రసీదు తీసుకుని ప్రకటన ఇవ్వడమే పద్ధతి.

తేదీ ఎంపికలో హైదరాబాద్ టీములకు స్థానిక జ్ఞానం బొత్తిగా లేదు. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ నడుస్తుంటే నెల్లూరులో పోలీసులు, గదులు, విలేకరులు ఎవరూ దొరకరు. మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గట్టిగా ఒక వాన పడితే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచి ఊరు రెండు ముక్కలవుతుంది, కాన్వాయ్ అవతలే ఆగిపోతుంది. ఆ నెలల్లో పెట్టుకుంటే స్టేజీ షాపు లోపలే ఉండాలి, రెండో దారి ముందే నడిపి చూసి ఉండాలి.

జనం విషయంలో మాత్రం ఎవరు ఏమన్నా రాజీ పడకండి. 2022 డిసెంబరు 28న కందుకూరులో రాజకీయ సభ దగ్గర తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయారు. 2024 డిసెంబరు 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ఒక మహిళ ప్రాణం పోయింది. ఇరుకు దారి, ఒక్కసారిగా తోసుకొచ్చే జనం: మన ట్రంకు రోడ్డు షాపులకు ఈ రెండూ ఉన్నాయి. పోలీసు అనుమతి కాగితం మీ పేరుమీద ఉంటుంది కాబట్టి బాధ్యతా మీదే. ఫ్లెక్సీల మీద అతిథి వచ్చే నిమిషం వేయొద్దు. కారు దిగేచోటికీ గుమ్మానికీ మధ్య రెండు వరసల బారికేడ్లు, వెళ్లడానికి వెనక దారి, అంబులెన్సు నిలబడే జాగా తప్పనిసరి. కారు టాప్ మీంచి చేతులూపే కార్యక్రమం ప్యాకేజీలో ఉంటే కొట్టేయండి. స్టేజీ మీద సినిమా పాటలు వేయాలంటే పాటల హక్కులు చూసే ఐపీఆర్ఎస్, పీపీఎల్ సంస్థల లైసెన్సుల సంగతి ఎవరు చూస్తారో ఒప్పందంలో ఉండాలి. ఈ ఖర్చు ఎక్కువమంది చివరి రోజు దాకా చెప్పరు.

"యాభై వెబ్‌సైట్లలో వార్త" అనే వాగ్దానానికి మేం విలువ ఇవ్వం. ఒకే నోట్‌ను అక్షరం మార్చకుండా ఎక్కించే సైట్లవి, కావలిలోనో కనిగిరిలోనో ఉన్న కొనుగోలుదారు వాటిని చూడడు. ఆ డబ్బుతో నటి ఖాతాలో మీ పేజీని జతచేసిన ఒక్క పోస్టు అడగండి. అది డబ్బిచ్చి వేయించిన పోస్టు అని స్పష్టంగా కనబడాలి. తప్పుదారి పట్టించే ప్రకటన అయితే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ జరిగితే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. "జిల్లాలోనే అతి తక్కువ ధర" లాంటి మాట ఆమె నోట చెప్పించేముందు దానికి మీ దగ్గర రుజువు ఉండాలి.

సినిమా టూర్లకు వస్తే లెక్క వేరు. సినిమా పంపిణీ హక్కుల్లో నెల్లూరు విడిగా అమ్ముడయ్యే ఏరియా, చిన్నది. అందుకే టూరు ప్లానులో చివర వస్తుంది, చాలాసార్లు ఎగిరిపోతుంది కూడా. జిల్లా డెస్కుకు కావాల్సింది మనవాళ్ల ముచ్చట. రమణారెడ్డి, రాజనాల, వాణిశ్రీల ఊరు ఇది. ఒంగోలుకు దర్శకుడు టి. కృష్ణ, ఆయన కొడుకు గోపీచంద్ ఉన్నారు. టీములో ఉదయగిరి కెమెరామన్ ఉన్నా, పొదిలి పాటల రచయిత ఉన్నా నోట్ అతనితోనే మొదలవ్వాలి. హైదరాబాద్ నుంచి అన్ని జిల్లాలకూ ఒకే నోట్ పంపే పీఆర్వోలు ఈ సులువైన అవకాశాన్ని వదిలేస్తున్నారు.

మార్కులు: రవాణా, సమయపాలన అయిదుకు నాలుగు. స్టేజీ ఏర్పాట్లు మూడున్నర. జనం నియంత్రణ నెల్లూరులో మూడు, ఒంగోలులో రెండున్నర. పేపర్ ప్రచారం రెండు. లెక్కల్లో పారదర్శకత ఒకటిన్నర. మూడు నాలుగు అంతస్తుల షోరూము తెరిచేవాళ్లు అతిథిని మేనేజరు ద్వారా మాట్లాడుకుని, నోట్‌కూ ఫొటోలకూ ఊళ్లో అనుభవమున్న పాత విలేకరిని ఒక రోజుకు విడిగా పెట్టుకుంటే తక్కువలో ఎక్కువ ఫలితం వస్తుంది. ఒక్క షట్టరు షాపువాళ్లు సెలబ్రిటీ జోలికి పోకుండా ఆ సొమ్ముతో జిల్లా ఎడిషన్‌లో మూడు వారాలు, శుక్రవారం శుక్రవారం, ప్రకటన వేసుకోవడం మంచిది.