పల్లెవెలుగు బస్సులో పనికొచ్చిన ఇయర్‌ఫోన్స్

రోజూ కడప బస్టాండులో ఎక్కి ఖాజీపేటలో దిగుతాను. అక్కడి నుంచి స్కూలుకు ఆటో. నేను పాటలు వినేది ఆ బస్సులోనే. ఇంటికొచ్చాక కుక్కరు విజిళ్ళు తప్ప ఇంకేం వినపడవు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలైనప్పటి నుంచి మాకు జీరో టికెట్ కదా. రెండు నెలలు మిగిలిన ఛార్జీ డబ్బులు పక్కన పెట్టి, ఈసారి సరైన ఇయర్‌ఫోన్స్ కొందామనుకున్నాను. టికెట్ లేకపోయాక బస్సులో రద్దీ పెరిగింది, రద్దీతో పాటు గోలా పెరిగింది. కాబట్టి ఈ ఖర్చు న్యాయమైనదే అని మా ఆయనకు చెప్పాను.

అంతకు ముందువి రెండూ కలిసిరాలేదు. బస్టాండు బయట నూట యాభైకి కొన్నదానికి రెండు నెలల్లో ఒక చెవి పోయింది. పిన్ను దగ్గర వైరు లోపల తెగింది. వంచి పట్టుకుంటే పలికేది, వదిలితే మూగ. తర్వాత మావాడి మాట విని వైరు లేని బడ్స్ తీసుకున్నాను. పేరెందుకులెండి. ఏడాదిన్నరకు ఛార్జింగు నిలవడం మానేసింది. ఈలోపు ఒకరోజు చెన్నూరు దగ్గర బస్సు గతుక్కుమంటే ఎడమ చెవిది జారి ఎవరిదో ఎర్రగడ్డల మూట కిందకు దొర్లిపోయింది. సగం బస్సు వంగి వెతికింది. ఆరోజే వైరుకు తిరిగి వెళ్దామని ఒట్టు పెట్టుకున్నాను.

"ఈ కాలంలో వైరుది ఎవరు పెట్టుకుంటారమ్మా" అన్నాడు మావాడు. నా లెక్క వేరే. బడ్స్‌లో మనమిచ్చే డబ్బు బ్యాటరీకి, బ్లూటూత్‌కు, ఛార్జింగు డబ్బాకు కూడా పోతుంది. ఆ బ్యాటరీ ముసలిదైతే మార్చుకోవడం మనవల్ల కాదు. వైరుదానికి ఆ బాధే లేదు. పైగా ఇప్పుడు వెయ్యి, రెండు వేల మధ్యలో కూడా వైరు ఊడదీసి మార్చుకునేవి వస్తున్నాయి. పాడయ్యేది ముందు వైరే అని నా నూట యాభై రూపాయలు నాకు నేర్పాయి.

మా స్కూల్లో పీఈటీ సార్ దగ్గర కేజెడ్ ఈడీఎక్స్ ప్రో అనే వైరు ఇయర్‌ఫోన్స్ ఉంది. వెయ్యికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అడిగి రెండు రోజులు బస్సులో విన్నాను. డప్పు, డ్రమ్ము గుండెలో మోగుతాయి, తాళాలు చురుగ్గా పలుకుతాయి. సార్‌కు అదే కావాలి. నేను వినేవి మాత్రం గొంతు ముందుండే పాత పాటలు, నాదస్వరం, వీణ. వాటికి మధ్య స్వరాలే ప్రాణం. దాంతో నేను తీసుకున్నది మూన్‌డ్రాప్ చూ 2. 2023లో వచ్చిన మోడలు, ఆన్‌లైన్లో రెండు వేల లోపే దొరికింది. ఒక్కో చెవికి పది మిల్లీమీటర్ల డ్రైవర్ (లోపల పలికే బుల్లి స్పీకరు), పైన లోహపు తొడుగు, ఊడదీసే వైరు. గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టుంది. వీణ మీద మీటు పడ్డాక ఆ నాదం సన్నగా సాగి ఆగిపోయేదాకా వినపడటం నాకు బస్సులో ఇదే మొదటిసారి. అట్టపెట్టె మీద డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లని రాశారో చూసి ఎవరూ కొనకండి. పదికీ పన్నెండుకూ తేడా చెవికి తెలియదు, ట్యూనింగ్, అంటే ఏ స్వరం ఎంత పైకి పలకాలో చేసిన అమరిక, దాని తేడా తెలుస్తుంది.

నిజం చెప్పాలంటే మొదటి రోజు రెండు వేలు నీళ్ళలో పోశానేమో అనిపించింది. తబలాలో కుడిచేతి చినుకులు వినపడుతున్నాయి, ఎడమచేతి డగ్గా మాత్రం లేనే లేదు. రేకు డబ్బా మీద వాయించినట్టుంది. మర్నాడు లీజర్ పీరియడులో కూర్చుని, పెట్టెలో వచ్చిన, చెవిలో దూరే రబ్బర్లన్నీ ఒక్కొక్కటే మార్చి చూశాను. కుడి చెవికి మధ్య సైజు సరిపోయింది, ఎడమ చెవికి చిన్నది. నలభై ఆరేళ్ళుగా మోస్తున్నాను, నా చెవులు రెండూ ఒకే కొలత కాదని ఆరోజే తెలిసింది. రబ్బరు చెవిరంధ్రాన్ని పూర్తిగా మూయకపోతే కింది స్వరాలు ఆ సందులోంచి బయటికి పోతాయి. మూసుకున్నాక డగ్గా ఒక్కసారిగా వచ్చింది, బస్సు కిటికీ అద్దాల గడగడ సగానికి తగ్గింది. సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి నా పద్ధతి ఇది: పాట నడుస్తుండగా రెండింటినీ వేలితో కొంచెం లోపలికి నొక్కుతాను. బాస్ పెరిగిందంటే ఆ రబ్బరు మీ సైజు కాదని అర్థం. పెట్టే ముందు చెవి పైభాగాన్ని మరో చేత్తో కాస్త పైకి లాగితే సులువుగా కూర్చుంటుంది.

ఇంకో సంగతి. ఈ వీడియోల్లో చెప్పే మగపిల్లలెవరూ కమ్మల గురించి మాట్లాడరు. వైరు కిందకు వేలాడితే బుట్టకమ్మలకు చిక్కుకుని, దిగేటప్పుడు ప్రాణం తీస్తుంది. అదే వైరును చెవి పైనుంచి వెనక్కి తిప్పి జడ కింద నుంచి తెస్తే గొడవ లేదు. చీర కొంగుకు వైరు రాసుకున్నప్పుడు చెవిలో వచ్చే గరగర కూడా పోతుంది. మాటీలు పెట్టుకున్న రోజు మాత్రం ఆశ వదులుకోవాలి.

నా ఫోనుకు గుండ్రటి పిన్ను రంధ్రం లేదు. ఏడురోడ్ల దగ్గర ఒక షాపులో టైప్-సి కన్వర్టర్ చవగ్గా తెచ్చాను, పలకలేదు. వాపసు తీసుకెళ్తే అక్కడి కుర్రాడే విడమరిచి చెప్పాడు: "అక్కా, మీ ఫోను పాటను డిజిటల్‌గానే బయటికి పంపుతుంది. దాన్ని ఇయర్‌ఫోన్స్ పలికేలా మార్చే డీఏసీ చిప్పు ఉన్న కన్వర్టర్ తీసుకోండి." అది తీసుకున్నాక పలికింది. కొనేముందు ఈ ఖర్చు కూడా కలుపుకోండి. చూ 2లోనే టైప్-సి పిన్నుతో, మైకుతో వచ్చే రకం ఇంకోటి ఉంది, కన్వర్టర్ జోలికి పోవడం ఇష్టం లేనివాళ్ళు అది చూసుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా లాభమనిపించింది వాల్యూము. పాత బడ్స్‌తో ఇంజిను గోల మీద పాట వినపడాలంటే పదిహేను గీతల్లో పదమూడు దాకా పెంచేదాన్ని, ఇప్పుడు ఏడు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, పిల్లలకైతే హద్దు 75 డెసిబెల్స్. రాత్రి పూట చెవిలో గుయ్యిమనడం కూడా తగ్గింది. దీని వల్లేనని డాక్టరేం చెప్పలేదు, నాకు నేననుకున్నది. కాకపోతే కండక్టరు "ఆధార్, ఆధార్" అని మూడుసార్లు అరిచినా వినపడలేదని ఒకసారి తిట్లు తిన్నాను. రోడ్డు దాటేటప్పుడు రెండూ తీసి మెళ్ళో వేసుకుంటాను.

నేను తీసుకున్నదాంట్లో మైకు లేదు. ఫోనొస్తే ఇయర్‌ఫోన్స్ తీసి మాట్లాడతాను, నాకది ఇబ్బంది కాదు. రోజంతా ఫోన్లలో ఉండేవాళ్ళు మైకున్నదే తీసుకోండి. డీజే మోత ఇష్టమైనవాళ్ళకు పీఈటీ సార్ దారే మేలు. చెమట పట్టిన రోజు ఇంటికి రాగానే రబ్బర్లు ఊడదీసి సబ్బునీళ్ళలో కడిగి, బాగా ఆరాక తగిలిస్తాను. మిగతా సమయమంతా ఖాళీ వక్కపొడి డబ్బాలో పెడతాను. వైరు ఇంకా పోలేదు. పోయినరోజు మైకున్న వైరు విడిగా కొని తగిలిస్తాను.