రాయి వయసు చెప్పారు, గింజలో ఏ పొరదో చెప్పలేదు

జిర్కాన్ డేటింగ్‌కి (రాయిలోని జిర్కాన్ అనే ఖనిజపు గింజలతో వయసు కట్టడానికి) డబ్బు కట్టి శాంపిల్ పంపబోతున్న పీహెచ్‌డీ వాళ్లెవరైనా ఉంటే ఒకసారి ఇది చదవండి. ల్యాబ్ పేరు రాయను, 5కి 3 స్టార్లు మాత్రం ఇస్తాను.

మాది అనకాపల్లి వైపు కొండల నుంచి తెచ్చిన ఖొండలైట్ అనే రాయి. విశాఖలో కైలాసగిరి ఎక్కినవాళ్లు చూసే ఉంటారు, ఎర్రటి గార్నెట్ చుక్కలు, పీచులాంటి సిల్లిమనైట్ ఖనిజం. ఒకప్పుడు ఇది నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, భూమి లోపలికి దిగి మా చోట 900 డిగ్రీలు కూడా దాటి ఉడికి ఇలా తేలింది. అందుకే దీని వయసెంత అంటే ఒక్క జవాబు ఉండదు. మట్టితో పాటు కొట్టుకొచ్చిన జిర్కాన్ గింజది ఒక వయసు, ఉడికినప్పుడు దాని చుట్టూ పెరిగిన కొత్త పొరది ఇంకో వయసు.

రాయి పొడి చేయడం, గింజలు ఏరడం చాలా శుభ్రంగా చేశారు, అందులో వంక పెట్టను. మధ్యమధ్యలో వయసు తెలిసిన జిర్కాన్‌ని కూడా లేజర్‌తో కొట్టి ఆ లెక్కలు పంపారు. జిర్కాన్‌లోని యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది, ఆ రెండూ ఎంతెంత ఉన్నాయో చూసి వయసు కడతారు. యురేనియం 238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు, 235కి 70 కోట్లు. ఒకే గింజలో రెండు గడియారాలన్నమాట, రెండూ ఒకే టైమ్ చూపిస్తే నమ్మొచ్చు. ఆ రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో టేబుల్‌లో ఉంది.

తలనొప్పంతా లేజర్ చుక్కతో, అంటే వయసు కట్టడానికి గింజలో లేజర్ కాల్చే గుంటతో. చుక్క 30 మైక్రాన్లు, నా గింజల అంచు పొర 20 కూడా లేదు! రిపోర్టులో 110 నుంచి 150 కోట్ల ఏళ్ల మధ్య ఏడెనిమిది వయసులు కనిపిస్తే, అప్పుడేదో పెద్ద సంఘటన జరిగిందనుకుని రెండు నెలలు కూర్చుని ఓ కథ అల్లేశాను. మా సార్ చదివి, "ముందు గింజల ఫొటోలు చూపించు" అన్నారు. ఫొటోలు పంపలేదు కదా! నాలుగు మెయిల్స్ పెట్టాక గింజలో పొరలు విడివిడిగా కనిపించే కాథోడోల్యుమినెసెన్స్ ఫొటోలు వచ్చాయి, అదీ ఏ గుంట ఏదో చెప్పే స్పాట్ నంబర్లు లేకుండా. గుంటల వరుస చూసి నంబర్లు నేనే వేసుకుంటే, ఆ ఏడెనిమిదీ సగం పాత గింజలో, సగం కొత్త పొరలో పడ్డవే. అంటే ఆ వయసులో అక్కడ ఏమీ జరగలేదు, రెండు వయసులు కలిసిపోయి వచ్చిన అంకె అంతే.

వెడల్పాటి అంచుల్లో పూర్తిగా లోపల పడ్డ చుక్కలు మాత్రం 95 కోట్ల ఏళ్ల దగ్గర చక్కగా కూడుకున్నాయి. తూర్పు అంటార్కిటికాలో రేనర్ కాంప్లెక్స్ అని ఉంది, అక్కడి రాళ్లు ఉడికింది కూడా దాదాపు అప్పుడే. తూర్పు కనుమలూ అదీ ఒకే పర్వతపట్టీ అని, రోడీనియా అనే పాత మహాఖండం ఉన్న కాలంలో రెండు నేలలూ అతుక్కుని ఉండేవని చెప్పడానికి ఇలాంటి అంచులూ ఒక ఆధారం. నా కథ అలాగే అచ్చయి ఉంటే లేని పర్వతం ఒకటి పుట్టేది.

తర్వాత అదే రాయి థిన్ సెక్షన్‌ని (పల్చగా కోసిన రాతి ముక్కని) ఇంకోచోట మైక్రోప్రోబ్‌కి, అంటే ఎలక్ట్రాన్ పుంజంతో కొలిచే యంత్రానికి ఇచ్చి, మోనజైట్ అనే ఇంకో ఖనిజం వయసు కట్టించాను. సీసం ఐసోటోపులు విడిగా రావు, వయసులో అటూఇటూ అయ్యే అవకాశం కూడా ఎక్కువే, కానీ పుంజం ఒకట్రెండు మైక్రాన్లే కాబట్టి సన్న పొర కూడా దొరుకుతుంది, పైగా ఆ గింజ గార్నెట్ కడుపులో ఉందో బయట ఉందో కళ్లతో చూడొచ్చు. నా పనికి ఇదే ఎక్కువ అక్కరకొచ్చింది.

కాబట్టి శాంపిల్ పంపేముందే స్పాట్ నంబర్లు వేసిన ఫొటోలు ఇస్తారా, మౌంట్ (గింజలు అతికించిన బిళ్ల) వెనక్కి పంపుతారా అని మెయిల్‌లో రాయించుకోండి. నా మౌంట్ ఇంకా వాళ్ల దగ్గరే ఉంది, కొరియర్ చార్జీ ఎవరిదన్న దగ్గర ఆగింది.