బూట్‌స్ట్రాప్ బటన్లు: ఏళ్ల తరబడి వాడాక

వెబ్ పేజీలకు బటన్లు, మెనూల్లాంటివి సిద్ధంగా ఇచ్చే లైబ్రరీ బూట్‌స్ట్రాప్. దాన్ని మూడో వెర్షన్ రోజుల నుంచి వాడుతున్నాను, ఇప్పుడు ఐదో దాంట్లో ఉన్నాను. గ్రిడ్, మెనూల జోలికి పోను. బటన్ల గురించే చెబుతాను.

నాకు బాగా నచ్చింది క్లాసుల పేర్లు, అంటే బటన్ ఎలా కనిపించాలో చెప్పడానికి కోడ్‌లో రాసే పేర్లు. ప్రైమరీ, సెకండరీ, డేంజర్... ఇవి రంగును కాదు, పనిని చెబుతాయి. దాంతో టీమ్‌లో "నీలమా, ఆకుపచ్చా" అన్న వాదన తగ్గి, "ఈ పేజీలో అసలు పని ఏది" అన్న మాట వస్తుంది. పేజీకి ప్రైమరీ ఒక్కటే ఉండాలని నేను పట్టుబడతాను. మిగతావి ఔట్‌లైన్‌గానో (రంగు నింపకుండా అంచు మాత్రమే), లింక్‌లాగానో ఉంటే చాలు. మూడు నీలం బటన్లు పక్కపక్కన పెడితే ఏది నొక్కాలో ఎవరికి తెలుస్తుంది?

సైజు దగ్గర మాత్రం జాగ్రత్త. మామూలు బటన్ ఎత్తు 38 పిక్సెళ్లు, చిన్నది 31. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2 అడిగే కనీస కొలత 24 కాబట్టి పాసైపోతుంది. కానీ ఫోన్‌లో బొటనవేలితో నొక్కేవాళ్లకు ఇరుకే. అదే ప్రమాణంలో పై స్థాయి 44 అడుగుతుంది. అందుకే ఫోన్ తెరకు 48 పిక్సెళ్ల పెద్ద బటనే పెడతాను. టేబుల్ వరుసలో చిన్న ఎడిట్, డిలీట్ బటన్లు అంటుకుని కనిపిస్తే నాకు టెన్షనే.

బటన్ మీద ఏం రాయాలో ఏ లైబ్రరీ చెప్పదు. "సేవ్ చేయకుండా బయటికి వెళ్లాలా?" అని అడిగి కింద "అవును", "కాదు" పెట్టారనుకోండి. తొందరలో ఉన్నవాళ్లు ప్రశ్న చదవరు, నేరుగా బటన్ చూస్తారు. "సేవ్ చేసి వెళ్లు", "సేవ్ చేయకుండా వెళ్లు", "ఇక్కడే ఉండు" అని రాస్తే ప్రశ్న చదవకపోయినా నష్టం లేదు. రెండోదానికి డేంజర్ క్లాసు ఇవ్వండి, కానీ రంగు మీదే ఆధారపడొద్దు. ఎరుపు అందరికీ ఒకేలా కనిపించదు.

ఇంకొకటి, ఇది బూట్‌స్ట్రాప్‌ది కాదు, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌ది. ఫారంలో బటన్‌కు టైప్ (అది ఏ రకం బటనో) రాయకపోతే అది ఫారాన్ని పంపే సబ్మిట్ బటన్ అయిపోతుంది. పాస్‌వర్డ్ చూపించే బటన్ నొక్కితే ఫారమే వెళ్లిపోయిందంటే కారణం చాలాసార్లు ఇదే.

డిసేబుల్ చేసిన, అంటే నొక్కడానికి వీల్లేకుండా ఆపిన బటన్ 65 శాతం ఓపాసిటీకి (కొంత పారదర్శకంగా) మసకబారుతుంది. ఎందుకు పని చేయట్లేదో మాత్రం చెప్పదు. ఫారం నిండలేదని బటన్‌ను ఆపడం నేను మానేశాను. నొక్కనిస్తాను, ఏ గడి ఖాళీగా ఉందో ఆ గడి పక్కనే రాస్తాను.