స్వీడిష్‌లో 'బిజీ' అనాలంటే ఉప్‌తాగెన్, ఫుల్ట్ ఉప్, హిన్నెర్ ఇంతె: ఏది మేలు?

స్వీడన్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "బిజీగా ఉన్నాను అని స్వీడిష్‌లో ఎలా చెప్పాలి?" నిఘంటువు తెరిస్తే ముందు కనిపించే మాట 'ఉప్‌తాగెన్'. నేనూ మొదట అదే నేర్చుకున్నాను. చాలా నెలలు అన్నిచోట్లా అదే వాడాను. అది తప్పు మాట కాదు గానీ, రోజూ నోట్లో ఆడాల్సిన మాట మాత్రం వేరే ఉందని ఆఫీసులో తెలిసొచ్చింది.

పొద్దున తొమ్మిదిన్నర. మా టీములో ఒకావిడ నా డెస్కు పక్కన ఆగి, ఖాళీ కప్పు చూపిస్తూ "హిన్నెర్ దూ ఫీకా?" అంది. ఫీకా అంటే కాఫీ, దాంతోపాటు ఒక దాల్చినచెక్క బన్ను, పావుగంట కబుర్లు. నేను స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా "నెయ్, యా ఎ ఉప్‌తాగెన్" (లేదు, నేను బిజీ) అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. తర్వాత పక్క సీటతను మెల్లగా చెప్పాడు: "ఆమె అడిగింది నీకు టైం కుదురుతుందా అని. నువ్వేమో తలుపు వేసుకున్నట్టు జవాబిచ్చావు."

ఆ మాటను నిజంగానే తలుపు మీద చూడొచ్చు. ఇక్కడ రైల్లో టాయిలెట్ గడియ పక్కన ఎర్రగా 'ఉప్‌తాగెత్' అని పడితే లోపల ఎవరో ఉన్నట్టు. ఖాళీ అయితే 'లేదిత్'. లోపల ఎవరూ 'లేదు' అని గుర్తుపెట్టుకోండి, మన చెవికి ఇట్టే పట్టుబడుతుంది. బస్సులో పక్క సీటు చూపించి "ఎ దె లేదిత్ హ్యార్?" అని అడుగుతారు. ఫోన్ ఎంగేజ్ వచ్చినా 'ఉప్‌తాగెత్' అనే అంటారు. ఒక అమ్మాయి గురించి ఉప్‌తాగెన్ అన్నారంటే, ఆమెకు ఇప్పటికే ఒక తోడున్నారని అర్థం రావచ్చు. అందుకే ఎవరైనా కాఫీకి పిలిచినప్పుడు ఈ మాట వాడితే అవతలివాళ్ళు ఇంకేదో అనుకునే అవకాశం ఉంది. మీటింగులో ఉన్నారా, శుక్రవారం సాయంత్రం ముందే ఎక్కడికో ఒప్పుకున్నారా, అప్పుడు "యా ఎ ఉప్‌తాగెన్" హాయిగా అనండి.

మరి ఈ వారమంతా పని ఎక్కువగా ఉందని చెప్పాలంటే? దానికి 'ఫుల్ట్ ఉప్' మేలు. "యా హార్ ఫుల్ట్ ఉప్." మన 'చేతినిండా పని' లాంటిదే. మనం "చేతినిండా పనుందండీ" అన్నప్పుడు ఫిర్యాదు ఉండదు, కాస్త తృప్తే ఉంటుంది. ఇందులోనూ అంతే. "ఫుల్ట్ ఉప్ మె యొబ్బెత్" అంటే ఉద్యోగంతో, "మె బార్నెన్" అంటే పిల్లలతో. ఎవరి మనసూ నొచ్చుకోదు. ఇదే సంగతిని స్నేహితుల మధ్య 'హెక్కెన్ ఫుల్' అని కూడా అంటారు. అందులో పిరుదుల ప్రస్తావన ఉంది కాబట్టి మేనేజర్‌కి రాసే మెయిల్లో వద్దు.

దీనికి దగ్గరి చుట్టం "దే ఎ మిక్కె నూ", ఇప్పుడు చాలా ఉంది అని. ఏం చాలా ఉందో చెప్పరు, చెప్పక్కర్లేదు. వినేవాళ్ళు తల ఊపి "యా, దే ఎ దే" అంటారు. మనం "ఊపిరి సలపడం లేదు" అంటే అవతలివాళ్ళు "అవునులే" అనడం లాంటిది. 'మిక్కె'లో మొదటి అచ్చు మాత్రం కొంచెం సాధన చేయాలి. పెదవులు 'ఉ' అనడానికి గుండ్రంగా చుట్టి, లోపల 'ఇ' అనండి. అద్దం ముందు నాలుగుసార్లు అంటే వచ్చేస్తుంది. వేసవి సెలవుల ముందు, జూన్‌లో, ఈ వాక్యం రోజుకు పదిసార్లు వినబడుతుంది. 1978 నుంచి ఇక్కడి చట్టం ఏటా ఐదు వారాల సెలవు ఇస్తోంది. అందులో నాలుగు వారాలు జూన్, ఆగస్టుల మధ్య ఒకేసారి తీసుకునే హక్కు కూడా ఉంది. జూలైలో ఆఫీసు సగానికి పైగా ఖాళీ అవుతుంది కాబట్టి, ఆ లోపే అన్నీ ముగించాలని అందరికీ ఆరాటం.

'బ్రొత్తొమ్' వేరు. అది పని భారం కాదు, తొందర. "యా హార్ బ్రొత్తొమ్" అంటే "నేను తొందరలో ఉన్నాను". తెలుగులో 'ఉన్నాను' అంటాం కదా అని "యా ఎ బ్రొత్తొమ్" అనేస్తాం, అది తప్పు. ఇక్కడ 'హార్' రావాలి. మనుషుల గురించి కాకుండా పని తొందరదని చెప్పేటప్పుడు మాత్రం "దే ఎ బ్రొత్తొమ్" సరైనదే.

'స్ట్రెస్సాద్' దగ్గర జాగ్రత్త. మనం టెన్షన్ అనే మాటను ప్రతి దానికీ వాడినట్టే వీళ్ళూ దీన్ని తేలిగ్గా వాడతారు. "స్ట్రెస్సా ఇంతె" అంటే "కంగారుపడకు, నెమ్మదిగా కానివ్వు" అంతే. కానీ దీని వెనక ఇంకో మాట ఉంది: 'గో ఇన్ ఈ వెగ్గెన్', నడుస్తూ నడుస్తూ గోడకు గుద్దుకోవడం. పని ఒత్తిడితో మనిషి పూర్తిగా కుప్పకూలిపోవడాన్ని అలా అంటారు. తీవ్ర అలసటను 'ఉత్‌మత్నింగ్స్‌సిండ్రోమ్' అనే పేరుతో 2005 నుంచి ఇక్కడి వైద్యులు ఒక రోగనిర్ధారణగా రాస్తున్నారు. నెలల తరబడి సెలవులో ఉన్నవాళ్ళు నాకు తెలుసు. అందుకని డెడ్‌లైన్ వారం గురించి చెప్పడానికి గోడ మాట ఎత్తకండి. వినేవాళ్ళు నిజంగా బెంగపడతారు.

పిల్లలున్నవాళ్ళకు ఇంకొక్కటి: "యా వబ్బార్." పిల్లకు జ్వరం వచ్చి ఇంట్లో ఉండిపోయాను అని. ఒక్కో పిల్లకు ఏడాదికి 120 రోజుల వరకు ప్రభుత్వం భత్యం ఇస్తుంది కాబట్టి ఆ ఒక్క క్రియతో మెసేజ్ అయిపోతుంది. సంజాయిషీ ఎవరూ అడగరు. జలుబులు ముదిరే ఫిబ్రవరిని 'వబ్రువారి' అని పిలుచుకుంటారు.

ఇన్నిట్లో ముందు ఒక్కటే నేర్చుకోవాలంటే? నా జవాబు ఫీకాకి పిలిచిన ఆవిడ నోట విన్న క్రియే: 'హిన్నా'. ఇంగ్లిష్ మీదుగా స్వీడిష్‌కి వెళ్తే ఇది అసలు కనిపించదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో దీనికి ఒక్క మాట లేదు. తెలుగులో దగ్గరి మాటలున్నాయి. "బస్సు అందలేదు" అంటాం, "రావడానికి కుదరలేదు" అంటాం, "వీలు పడదండీ" అంటాం. ఆ అందడం, కుదరడం, వీలుపడడం అన్నీ కలిస్తే హిన్నా. "యా హన్ ఇంతె మె తోగెత్": రైలు అందలేదు. "యా హిన్నెర్ ఇంతె": టైం కుదరదు. అదే "యా కాన్ ఇంతె" అంటే చేతకాదనీ అనుకోవచ్చు, ఇష్టం లేదనీ అనుకోవచ్చు. హిన్నెర్ అంటే కారణం ఆ మాటలోనే ఉంది. నేను రానని అనడం లేదు, గడియారం రానివ్వడం లేదు. మెయిల్లో అయితే "తివ్యార్ హిన్నెర్ యా ఇంతె" అని రాయండి. 'తివ్యార్' అంటే 'పాపం, ఏం చేయను' అన్నంత మెత్తన. అది ముందొస్తే క్రియ రెండో చోటుకి, 'యా' (నేను) దాని వెనక్కి జరుగుతాయి. కార్ల్స్‌క్రోనాలో చదువుకుంటున్న పిల్లలకూ, కిస్తాలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళకూ నేను ఇదే చెబుతుంటాను: ఫుల్ట్ ఉప్ రెండో వారంలో నేర్చుకోవచ్చు, ఉప్‌తాగెన్ తలుపుల మీద తనే కనిపిస్తుంది, హిన్నా మాత్రం మొదటి రోజునుంచే నోట్లో పడాలి.

మర్నాడు నేనే కప్పు పట్టుకుని ఆవిడ దగ్గరికెళ్ళి "హిన్నెర్ దూ ఫీకా?" అన్నాను. "ఇంతె నూ," అంది నవ్వుతూ, "క్లొక్కన్ త్రే?" మూడింటికి వెళ్ళాం.

ఆ మాట నా ఒంటికి పట్టింది మాత్రం ఇంకో రోజు, బస్‌స్టాప్ దగ్గర. జనవరి, నేలంతా గట్టిపడ్డ మంచు, బస్సు తలుపులు తెరుచుకునే ఉన్నాయి, నేనింకా యాభై అడుగుల దూరంలో. పరుగెత్తాలా, ఆగాలా అని తటపటాయిస్తుంటే, చక్రాల నడక బండి పట్టుకుని నిలబడ్డ ముసలావిడ ఒకామె నావైపు చూసి గట్టిగా అరిచింది: "దూ హిన్నెర్! దూ హిన్నెర్!" పరుగెత్తాను. లోపలికి ఎక్కి, కడ్డీ పట్టుకుని, ఎగశ్వాసతో నాలో నేను అనుకున్నాను: "యా హన్." అందింది.